పింగ్ అంకెలో ఎవరి వాటా ఎంత?

స్ట్రీట్ ఫైటర్ 6లో ఆన్‌లైన్ ఆట మొదలవగానే అందరి చూపూ తెర పైన ఉన్న రెండు పొడవాటి లైఫ్ బార్ల మీదికి, మధ్యలో 99 నుంచి దిగుతూ వచ్చే గడియారం మీదికి పోతుంది. ఎవరు ఎంత దెబ్బ తిన్నారో, ఎంత సమయం మిగిలిందో అవి చెబుతాయి. అదే తెర మీద ఒక మూలన చిన్న చిన్న గుర్తులు మరికొన్ని ఉంటాయి. అవతలివాడు వైఫై మీద ఆడుతున్నాడా, కేబుల్ మీదా అని చెప్పే బొమ్మ, ఫోన్లో సిగ్నల్ గీతల్లాంటి గీతలు, పింగ్ అంటూ ఇన్ని మిల్లీసెకన్లని ఒక అంకె. టెక్కెన్ 8, గిల్టీ గేర్ స్ట్రైవ్ లాంటి ఆటల్లో అయితే డిలే ఎన్ని ఫ్రేములు, రోల్‌బ్యాక్ ఎన్ని ఫ్రేములు అనే లెక్క కూడా కనబడుతుంది. ఓడిపోయిన తర్వాత తప్ప వీటి వైపు చూసేవాళ్లు తక్కువ.

ఓడిపోయాక కర్నూల్లోనైనా కడపలోనైనా వినబడే మాట ఒకటే. "నేను అడ్డం పెట్టినా మామా, బటన్ పట్టుకునే ఉన్నా, అయినా తగిలింది. లాగ్!" ఆ వెంటనే రెండో మాట. "నాది వంద ఎంబీపీఎస్ ప్లాను. లాగ్ నాది కాదు, వానిదే."

మొదటి మాటలో నిజం ఉండొచ్చు. రెండోది మాత్రం లెక్కకు నిలవదు. తెర మూలన ఉన్న పింగ్‌కూ, నెల నెలా మనం డబ్బు కట్టే ఎంబీపీఎస్‌కూ సంబంధం చాలా తక్కువ. ఆ పింగ్ అంకెను విడదీసి చదవడం నేర్చుకుంటే అందులో కొంత కాంతి వేగం వాటా, కొంత నెట్ ఇచ్చే కంపెనీ వాటా, కొంత మన ఇంటి గోడల వాటా అని తేలుతుంది. మొదటి దాన్ని ఎవరూ మార్చలేరు. చివరిదాన్ని ఈ సాయంత్రమే మార్చుకోవచ్చు.

ముందు ఫ్రేము సంగతి తేల్చుకోవాలి. ఫైటింగ్ గేములు సెకనుకు 60 బొమ్మలు గీస్తాయి. ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము, అంటే దాదాపు 16.7 మిల్లీసెకన్లు. ఆటలో ప్రతి దెబ్బకూ ఫ్రేముల్లోనే లెక్క. టెక్కెన్‌లో అతి వేగమైన గుద్దు బటన్ నొక్కిన పదో ఫ్రేముకు తగులుతుంది. సెకనులో ఆరో వంతు అది. కన్ను చూసి, మెదడు పోల్చి, వేలు కదలడానికి మనిషికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే 12 నుంచి 15 ఫ్రేములు. కాబట్టి పది ఫ్రేముల గుద్దును చూసి ఆపగలిగేవాడు లోకంలో లేడు. ఛాంపియన్లు కూడా ముందే ఊహించి అడ్డం పెడతారు. అలాంటి గుద్దు తిన్నవాడు పింగ్ వైపు చూడనక్కర్లేదు, పక్కన కూర్చుని ఆడినా అది తగిలేదే.

స్ట్రీట్ ఫైటర్ 6లో డ్రైవ్ ఇంపాక్ట్ సంగతి వేరు. రంగులు చిమ్ముతూ వచ్చే ఆ పెద్ద దెబ్బకు 26 ఫ్రేములు పడుతుంది. చూసి బదులివ్వాలనే ఆట తయారుచేసినవాళ్లు అంత సమయం పెట్టారు. పింగ్ ప్రభావం తేటగా కనబడేది ఇలాంటిచోటే. దీని దగ్గరికి మళ్లీ వద్దాం.

పింగ్ అంటే మన యంత్రం నుంచి బయలుదేరిన చిన్న కబురు అవతలి యంత్రాన్ని తాకి తిరిగి రావడానికి పట్టిన సమయం. పోవడం, రావడం రెండూ కలిపి. ఆటకు కావలసింది ఒకవైపు ప్రయాణమే గనుక పింగ్‌ను సగం చేసి 16.7తో భాగించాలి. పింగ్ 100 అయితే ఒకవైపు 50 మిల్లీసెకన్లు, అంటే మూడు ఫ్రేములు. తెర మీద 100 అని చూసి బెదిరేవాళ్లు నిజానికి బెదరాల్సింది మూడింటికి.

మరి వంద ఎంబీపీఎస్ ఏమైనట్టు? మన జిల్లాల్లో పుట్టినవాళ్లకు ఇది కేసీ కెనాల్‌తో చెబితే చాలు. 1860లలో తవ్వడం మొదలుపెట్టిన ఈ కర్నూలు–కడప కాలువ తుంగభద్ర మీది సుంకేసుల దగ్గర మొదలై మూడొందల కిలోమీటర్ల దాకా సాగుతుంది. సుంకేసుల దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది ఒక లెక్క, ఆ నీళ్లు కడప దగ్గరి చివరి ఆయకట్టుకు ఎన్నో రోజుకు అందాయన్నది ఇంకో లెక్క. ఎంబీపీఎస్ మొదటిది, పింగ్ రెండోది. ఫైటింగ్ గేముకు కావలసిన నీళ్లు దోసెడే. రెండు యంత్రాలూ ఒకే ఆటను ఎవరి దగ్గర వాళ్లు నడుపుకుంటాయి. బొమ్మలు పంపుకోవు, ఏ బటన్ నొక్కారన్న కబురు మాత్రం ప్రతి ఫ్రేముకూ ఒకటి పంపుకుంటాయి. అది కొన్ని బైట్లే. అన్నీ కలిపినా సెకనుకు కొన్ని పదుల కిలోబిట్లు దాటదు. 15 ఎంబీపీఎస్ ప్లానుకు కూడా అది లెక్కలోకి రాదు. వంద నుంచి రెండొందలకు మారినా పింగ్‌లో తేడా కనబడకపోవడానికి కారణం ఇదే.

ఆ మూడు ఫ్రేముల ఆలస్యాన్ని ఆట ఎలా సర్దుకుంటుందో చెప్పేవే డిలే, రోల్‌బ్యాక్ అంకెలు. పాత పద్ధతిలో అంతా డిలేనే. అవతలివాడి బటన్ కబురు వచ్చేదాకా ఇద్దరి యంత్రాలూ ఆగేవి. మనం నొక్కిన గుద్దు కూడా మూడు ఫ్రేములు ఆగి బయటికొచ్చేది. నెట్ కాస్త తడబడితే ఆట మొత్తం బురదలో నడిచినట్టయ్యేది. 2006లో ఎక్స్‌బాక్స్‌లో ఆన్‌లైన్‌కు వచ్చిన పాత స్ట్రీట్ ఫైటర్ 2 అలాగే ఈడ్చుకుంటూ నడవడం చూసి విసిగిన టోనీ కానన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ జీజీపీవో అనే సాఫ్ట్‌వేరు రాశాడు. ఫైటింగ్ గేముల పెద్ద పండుగ ఈవో పోటీలను మొదలుపెట్టినవాళ్లలో ఆయన ఒకడు. ఆటగాడి బాధ తెలిసినవాడు రాసిన కోడ్ అది. 2019లో దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేశాడు.

అందులోని ఆలోచన నాకు ఎప్పుడు చదివినా అబ్బురమే. అవతలివాడి కబురు కోసం ఆగకుండా, వాడు ఏం నొక్కుతాడో ఊహించి ఆట ముందుకు సాగిపోతుంది. ఊహించడం ఎలా? చాలా తేలిక. గత ఫ్రేములో ఏది పట్టుకుని ఉన్నాడో ఈ ఫ్రేములోనూ అదే పట్టుకుని ఉన్నాడనుకోవడం. సెకనుకు 60 ఫ్రేములున్నప్పుడు మనిషి వేళ్లు వాటిలో కొన్నింట్లోనే మారతాయి గనుక ఊహ చాలాసార్లు నిజమవుతుంది. తప్పినప్పుడు యంత్రం వెనక్కి వెళ్లి, అప్పటి ఆట స్థితిని తీసి, అసలు బటన్‌తో మళ్లీ ఆ మూడు ఫ్రేములూ లెక్కగట్టి, కొత్త బొమ్మ చూపిస్తుంది. వెనక్కి పోవడం, తిరిగి రావడం అంతా ఒక్క ఫ్రేము సమయంలోనే జరిగిపోతుంది. దాన్నే రోల్‌బ్యాక్ అంటారు. తెర మీద రోల్‌బ్యాక్ 3 అని ఉంటే, ఊహ తప్పినప్పుడల్లా మూడు ఫ్రేములు వెనక్కి పోయి సరిదిద్దుకుంటున్నదని అర్థం. కరోనా కాలంలో పోటీలన్నీ ఇళ్లలోకి వచ్చాక ఆటగాళ్లు ఇది లేని ఆటను ఒప్పుకోవడం మానేశారు. 2021లో జపాన్ నుంచి వచ్చిన గిల్టీ గేర్ స్ట్రైవ్ దీంతోనే వచ్చింది. స్ట్రీట్ ఫైటర్ 6 (2023), టెక్కెన్ 8 (2024) రెండూ దీని మీదే నడుస్తాయి.

ఇప్పుడు డ్రైవ్ ఇంపాక్ట్‌ను నెమ్మదిగా చూద్దాం. పింగ్ 100. అవతలివాడు బటన్ నొక్కాడు. వాడి తెర మీద పిడికిలి లేచింది. మన తెర మీద వాడు ఇంకా నిలబడే ఉన్నాడు, ఎందుకంటే కబురు దారిలో ఉంది, యంత్రం "నిలబడే ఉంటాడు" అని ఊహించింది. మూడు ఫ్రేముల తర్వాత కబురు అందింది. వెనక్కిపోయి సరిదిద్దుకుని యంత్రం చూపే మొదటి బొమ్మ దెబ్బలో నాలుగోది. పిడికిలి లేవడం మనం చూడనే లేదు, లేచిన పిడికిలినే చూశాం. 26లో 23 మిగిలాయి. టీవీ, కంట్రోలర్ కలిపి ఇంకో నాలుగు ఫ్రేములు తినేస్తాయనుకుందాం. 19 మిగిలాయి. మనిషికి కావలసింది 15. అంటే కొసరు నాలుగు ఫ్రేములు. చూసి బదులివ్వొచ్చు. అదే పింగ్ 200 అయితే ఒకవైపే ఆరు ఫ్రేములు పోతాయి. మిగిలేది 16, కొసరు ఒక్కటి. రోజూ సాధన చేసేవాడు కూడా అక్కడ తడబడతాడు. "అడ్డం పెట్టినా తగిలింది" అన్న మాటకూ అర్థం ఇక్కడే ఉంది. మన తెర మీద అడ్డం పెట్టిన క్షణానికి, అసలు లెక్కలో దెబ్బ అప్పటికే తగిలిపోయి ఉంటుంది. యంత్రం సరిదిద్దుకోగానే అడ్డం పెట్టిన చేయి మాయమై, దెబ్బ తిన్న ఒళ్లు కనబడుతుంది.

డిలేను సెట్టింగుల్లో ఎంచుకోనిచ్చే ఆటలున్నాయి. తగ్గిస్తే మన వేలికి ఆట చురుగ్గా పలుకుతుంది, కానీ రోల్‌బ్యాక్ అంతే పెరుగుతుంది. పెంచితే దిద్దుబాట్లు తగ్గుతాయి, చేయి బరువెక్కుతుంది. రెండూ కలిపితే వచ్చేది ఆ ఒకవైపు ప్రయాణమే. ఆ మొత్తాన్ని సెట్టింగులు తగ్గించలేవు.

ఒకే ఆటలో ఇద్దరికీ ఒకే బాధ ఉండాలని కూడా లేదు. 2016లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 5లో రెండు యంత్రాల గడియారాలు సరిగ్గా కలిసి నడవక, ఒకడికి ఆట నున్నగా, ఇంకొకడికి ఎగిరెగిరి పడుతున్నట్టు కనబడేది. 2020 జనవరిలో ఒక అభిమాని సొంతంగా దిద్దుబాటు రాసి బయటపెట్టాడు. ఆ తర్వాతే ఆ ఆట తయారుచేసిన క్యాప్‌కామ్ తన దిద్దుబాటు ఇచ్చింది. "నాకేం లాగ్ లేదే" అని అవతలివాడు అంటే వాడు అబద్ధం చెబుతున్నాడని అనుకోకూడదు.

నా దృష్టిలో పింగ్ ఎంత అన్నదానికంటే అది ఎంత ఊగుతోందన్నదే పెద్ద ప్రశ్న. సిగ్నల్ గీతలు ఆ ఊపును దాచేస్తాయి. ఏ అంకెకు ఎన్ని గీతలన్నది ఒక్కో ఆట ఒక్కోలా పెట్టుకుంటుంది. నాలుగు గీతలు చూసి ఆట ఒప్పుకుంటాం, పింగ్ 40 నుంచి 180కి ఎగిరి మళ్లీ 50కి దిగుతుంటుంది. ఎగిరినప్పుడల్లా అవతలివాడు ఒకచోట మాయమై ఇంకోచోట తేలతాడు. జీజీపీవోలో ఊహతో ముందుకు పోవడానికి హద్దు 8 ఫ్రేములు. అది దాటితే ఆట గడ్డకట్టి కబురు కోసం ఆగుతుంది. పింగ్ 90 దగ్గర కదలకుండా ఉంటే మన చేయి, కన్ను రెండు రౌండ్లలో దానికి అలవాటుపడతాయి. ఊగే 40కి ఎన్నాళ్లాడినా అలవాటుపడలేవు. కనుక మొదటి రౌండు మొదలయ్యాక పది పదిహేను సెకన్లు ఆ అంకె వైపు ఓ కన్నేయాలి.

ఊపుకు మొదటి కారణం మన ఇల్లే. కర్నూలు, కడప జిల్లాల పాత ఇళ్లను గుర్తుచేసుకోండి. రాతి గోడలు, అడుగున్నర రెండడుగుల మందం, పైన మట్టి మిద్దె. కొత్త ఇళ్లలోనూ బేతంచెర్ల బండలు, కడప బండలు నేల మీదా అల్మారాల్లోనూ పరుస్తాం. మే నెల ఎండను ఆపడానికి తాతలు కట్టిన గోడ వైఫైనీ ఆపుతుంది. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు రాతి గోడ దగ్గర మరీ నీరసిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ కొంచెం మెరుగ్గా దాటుతుంది కానీ, అందులో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు మూడే. ఆనుకుని ఉన్న వీధి ఇళ్లలో రౌటర్లన్నీ వాటినే పంచుకోవాలి. వైఫైలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఢీకొంటే మళ్లీ పంపాలి. వీడియో చూసేటప్పుడు ఈ ఆటంకాలు తెలియవు, ముందే కొంత దించి పెట్టుకుంటుంది గనుక. ఫైటింగ్ గేముకు ముందే దించి పెట్టుకోవడానికి ఏముంది? అవతలివాడు ఇంకా నొక్కనే లేదు.

అందుకే ఆట తెర మీద వైఫై బొమ్మను చూపిస్తుంది. చాలామంది ఆ బొమ్మ చూడగానే ఆట కాదనడం దురుసుతనం కాదు, అనుభవం. కానీ ఆ బొమ్మను గుడ్డిగా నమ్మకూడదు. కంప్యూటరుకు తగిలించిన తీగను మాత్రమే ఆట చూస్తుంది. గదిలో వైఫై రిపీటర్ పెట్టి, దాని నుంచి కేబుల్ లాగినా, ఫోన్ డేటాను యూఎస్‌బీ తీగతో ఇచ్చినా, కేబుల్ బొమ్మే వస్తుంది. బొమ్మ కేబుల్, అంకె ఊగుతోంది అంటే మధ్యలో ఎక్కడో గాలి ఉన్నట్టే. అసలు మందు రౌటర్ నుంచి ఆట యంత్రం దాకా ఒక లాన్ కేబుల్. వంద మీటర్ల దాకా అది ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. కిటికీలోంచి తీసినా, గోడ వెంట కొట్టినా సరే. పింగ్ కొద్దిగానే తగ్గుతుంది, ఊపు మాత్రం చాలావరకు ఆగిపోతుంది.

కేబుల్ ఉన్నా రాత్రి పూట పింగ్ ఎగిరితే ఇంట్లో ఇంకెవరో నెట్ వాడుతున్నారేమో చూడాలి. ఫోను ఫొటోలను పైకి పంపుతుంటే రౌటర్లో వరుస పెరిగి, మన బటన్ కబురు దాని వెనక నిలబడుతుంది. కొన్ని రౌటర్లలో గేముకు ముందు దారి ఇచ్చే ఏర్పాటు ఉంటుంది, లేకపోతే ఆ అరగంట ఫొటోల బ్యాకప్ ఆపడమే.

పింగ్ పక్కన ఎఫ్‌పీఎస్ అని, సెకనుకు ఎన్ని ఫ్రేములో చెప్పే ఇంకో అంకె ఉంటుంది. అది 60 దగ్గర కదలకుండా ఉండాలి. మన దగ్గర వేసవిలో అది కదులుతుంది. కర్నూల్లో 43, 44 డిగ్రీల మధ్యాహ్నం, గదిలో గాలి కూడా కాగిపోయి ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ ప్రాసెసర్ వంద డిగ్రీల దాకా వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 60 కాస్తా 52 అవుతుంది. రెండు యంత్రాలూ ఒకే లయలో నడవాలి గనుక మన ఎండ అవతలి ఆటగాడిని కూడా తాకుతుంది. అతను చెన్నైలో ఏసీ గదిలో కూర్చున్నా ఆట అతనికీ నీరసంగానే నడుస్తుంది. నింద నెట్ మీద పడుతుంది. బొమ్మల నాణ్యత తగ్గించి, ల్యాప్‌టాప్ కింద కొంచెం గాలి ఆడేలా చేస్తే తీరే బాధ ఇది.

నెట్ కంపెనీ వాటా కొంచెం చిక్కైనది. కడప కుర్రాడు కర్నూలు కుర్రాడితో ఆడుతున్నాడనుకోండి. నంద్యాల మీదుగా రోడ్డు దూరం రెండొందల కిలోమీటర్ల చిల్లర. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు. లెక్కన ఒక్క మిల్లీసెకను ప్రయాణం. కానీ ఇద్దరివీ వేర్వేరు కంపెనీలైతే కబురు నంద్యాల దారిన పోదు. ఒకరిది చెన్నైకి, ఇంకొకరిది హైదరాబాదుకు చేరి, కంపెనీలు కలుసుకునేచోట చేతులు మారాలి. దేశంలో ఇలా కలుసుకునే చోట్ల కోసమే 2003లో నిక్సీ అనే సంస్థ ఏర్పడింది. కడప నుంచి చెన్నై, చెన్నై నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి కర్నూలు. వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. పక్క జిల్లావాడితో పింగ్ 30 ఉంటే ఆశ్చర్యపడనక్కర్లేదు. ఇద్దరూ ఒకే కంపెనీ నెట్ తీసుకుంటే కొన్నిసార్లు ఈ చుట్టు తగ్గుతుంది.

2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి నెలకు 149 రూపాయలకు పల్లెల దాకా నెట్ తెచ్చింది. భూమి తవ్వకుండా అంత తొందరగా తీగ పరచడం వల్లే మారుమూల ఊళ్లలో పింగ్ గురించి మాట్లాడుకునే రోజు వచ్చింది. అయితే ఏ కంపెనీదైనా తీగ తీగే. గాలివానకు స్తంభం ఒరిగినా, రోడ్డు వెడల్పు పనుల్లో జేసీబీ తగిలినా తెగుతుంది. పెద్ద దారిలో తెగితే నెట్ ఆగకపోవచ్చు, చుట్టుదారి పడుతుంది. ఒక పొద్దున పింగ్ ఉన్నట్టుండి ఇరవై పెరిగి, ఊగకుండా అక్కడే రోజుల తరబడి నిలిచిందంటే అది అలాంటి మళ్లింపు కావచ్చు. మన ఇంటి దగ్గరి తీగ నలిగితే సంగతి వేరు. మోడెం మీద లాస్ లైటు ఎర్రగా వెలగకపోయినా కాంతి బలహీనంగా అందుతుంటే కబుర్లు మధ్యమధ్య తప్పిపోతాయి. కేబుల్ అతను వచ్చినప్పుడు పవర్ మీటర్ పెట్టి చూడమనాలి. మామూలుగా అందులో అంకె మైనస్ 27 డీబీఎం కంటే కిందికి దిగితే కాంతి చాలదు.

ఆటే కలవకపోతే, అంటే ఎవరిని పిలిచినా "కనెక్ట్ కాలేదు" అని వస్తుంటే, అది పింగ్ సంగతి కాదు. ఈ ఆటల్లో ఎక్కువగా రెండు ఇళ్ల యంత్రాలు నేరుగా మాట్లాడుకోవాలి. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు ఏనాడో అయిపోవడంతో చాలా కంపెనీలు వందల ఇళ్లను ఒకే చిరునామా వెనక ఉంచుతున్నాయి. బయటివాడికి మన తలుపు కనబడదు. సెట్టింగుల్లో నాట్ టైప్ "స్ట్రిక్ట్" అనో, 3 అనో చూపితే ఇదే కారణం కావచ్చు. పబ్లిక్ ఐపీ ఇస్తారా అని కంపెనీని అడగడం ఒక దారి.

ఇక కాంతి వాటా. చెన్నై నుంచి సింగపూర్‌కు 2002లో వేసిన ఐటూఐ సముద్రపు తీగ పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. కడప నుంచి చెన్నై దాకా ఇంకో 250. ఒకవైపు 17 మిల్లీసెకన్లు, కాబట్టి సింగపూరువాడితో పింగ్ ఎంత గొప్ప నెట్ ఉన్నా 34 కంటే కిందికి దిగదు. టోక్యో దాకా అయితే 85 దాటాల్సిందే. మధ్యలో యంత్రాల ఆలస్యాలు కలిసి 130 అయిందనుకుందాం. ఒకవైపు 65, నాలుగు ఫ్రేములు. డ్రైవ్ ఇంపాక్ట్ 26లోంచి ఆ నాలుగూ, టీవీ నాలుగూ తీసేసినా 18 మిగిలాయి. చూసి బదులివ్వడానికి ఇంకా మూడు ఫ్రేముల చోటుంది. అందువల్ల కేబుల్ బొమ్మతో, 130 దగ్గర కదలకుండా టోక్యో నుంచి ఎవరైనా పిలిస్తే నేనైతే ఆ ఆట ఒప్పుకుంటాను. పక్క వీధి నుంచి ఫోన్ హాట్‌స్పాట్ మీద, 40కీ 180కీ మధ్య ఊగుతూ పిలిచినవాడికి మాత్రం ముందు ఒక లాన్ కేబుల్ కొనుక్కోమని చెబుతాను.